ఐఈపీ మీద స్కూలుతో పేచీ వచ్చిందా? లాయరు దాకా వెళ్లేముందు చేయాల్సినవి

అమెరికా స్కూళ్లలో ప్రత్యేక అవసరాలున్న పిల్లవాడికి ఏ సాయం ఎంత ఇవ్వాలో రాసిచ్చే ప్రణాళికే ఐఈపీ. ఏటా వసంతంలో, ఐఈపీ మీటింగుల కాలం రాగానే, ఒకే ప్రశ్న మళ్లీ మళ్లీ వస్తుంది. "స్పీచ్ థెరపీ నిమిషాలు తగ్గించేస్తామంటున్నారు", "ఎయిడ్‌ని (తరగతిలో పక్కనుండే సహాయకుల్ని) ఇవ్వమంటే బడ్జెట్ లేదంటున్నారు", "ఇంగ్లీషు వచ్చేదాకా ఆగండి అంటున్నారు". చివర్లో మాత్రం అందరిదీ ఒకటే మాట: "మంచి లాయర్ ఎవరైనా తెలుసా?"

తెలుసు. కానీ లాయరు ఆఖరు మెట్టు. అమెరికాలో స్పెషల్ ఎడ్యుకేషన్ చట్టం, అంటే ఐడియా, తల్లిదండ్రులకూ స్కూలుకూ తేడా వస్తే తేల్చుకోవడానికి చాలా దారులు పెట్టింది. వాటిలో ఎక్కువ వాటికి పైసా ఖర్చు లేదు. మనవాళ్లు వాటిని దాటేసి, ఇటు మౌనంగా భరించడమో అటు లాయరుకి వేల డాలర్లు కట్టడమో చేస్తున్నారు. హియరింగ్‌లో, అంటే కోర్టు లాంటి విచారణలో, గెలిస్తే లాయరు ఫీజు తిరిగి రావచ్చు. మీరు పెట్టుకున్న నిపుణుడి ఫీజు మాత్రం రాదని 2006లో సుప్రీంకోర్టు చెప్పేసింది.

నేను నేర్చుకున్నది కూడా తప్పు చేశాకే. మా అబ్బాయి రెండో తరగతిలో ఉండగా వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీని 30కి తగ్గిస్తామన్నారు. బల్లకి అటు ఏడుగురు, ఇటు మేమిద్దరం. వాళ్లు చెప్తున్నంతసేపూ నేను మన అలవాటు ప్రకారం తలూపుతూ విన్నాను. "వింటున్నాను, చెప్పండి" అని నా ఉద్దేశం. మీటింగ్ నోట్స్‌లో మాత్రం "పేరెంట్ అంగీకరించారు" అని వచ్చింది. దాన్ని సరిచేయించుకోవడానికి నాలుగు నెలలు పట్టింది. లాయరు లేకుండానే.

ముందు రెండు భయాలు పక్కన పెట్టండి

హెచ్-1బీలో ఉన్నాం, గొడవపడితే వీసాకి ఏమైనా అవుతుందా? అవదు. ఐఈపీ హక్కు పిల్లవాడిది, దానికి వీసాతో ముడి లేదు. అసలు ఏ కాగితాలూ లేని పిల్లలకి కూడా పబ్లిక్ స్కూలు చదువు నిరాకరించకూడదని 1982లోనే ప్లయిలర్ కేసులో సుప్రీంకోర్టు తేల్చింది.

రెండోది, టీచరు పిల్లవాడి మీద కోపం పెట్టుకుంటారేమో అన్నది. హక్కు అడిగినందుకు కక్ష సాధించడం చట్టరీత్యా నిషిద్ధం. పైగా మీ పేచీ సాధారణంగా టీచరుతో కాదు, డిస్ట్రిక్టుతో, అంటే ఆ ప్రాంతం పబ్లిక్ స్కూళ్లని నడిపే సంస్థతో. ఈ తేడా మీ మాటల్లో కూడా కనిపించనివ్వండి. తరగతి గదిలో మీ పిల్లవాడి కోసం కష్టపడుతున్న మనిషిని శత్రువుని చేసుకుంటే నష్టం మీకే.

కావలసినవి

- గత రెండేళ్ల ఐఈపీలు, ఎవాల్యుయేషన్ (పిల్లవాడికి ఏ సాయం కావాలో తేల్చే పరీక్షల) రిపోర్టులు, ప్రోగ్రెస్ రిపోర్టులు, తేదీల వారీగా ఒక ఫైలులో.
- ఒక నోటుబుక్కు. ఎవరు, ఏ రోజు, ఏమన్నారు అన్నది అదే రోజు రాయడానికి.
- "ప్రొసీజరల్ సేఫ్‌గార్డ్స్", అంటే తల్లిదండ్రుల హక్కులు చెప్పే పుస్తకం. స్కూలు ఏడాదికి కనీసం ఒకసారి ఇవ్వాలి. మనం చదవకుండా పక్కన పడేసేది ఇదే. మీ రాష్ట్రం గడువులు అందులో ఉంటాయి.
- మీటింగ్‌లో మీ పక్కన కూర్చుని రాసుకునే మనిషి ఒకరు. స్నేహితుడైనా, తమ్ముడైనా సరే. మాట్లాడనక్కర్లేదు.

1. పేచీ ఏమిటో ఒక్క వాక్యంలో రాయండి

"స్కూలు మా వాడిని పట్టించుకోవడం లేదు" అన్నది బాధ. దానికి ఎవరూ జవాబు చెప్పలేరు. మీ బాధ ఈ నాలుగింటిలో ఏదో చూడండి, ఎందుకంటే దారి దాన్ని బట్టే మారుతుంది:

- ఐఈపీలో రాసింది జరగడం లేదు. దీనికి స్టేట్ కంప్లైంట్ (8వ మెట్టు) బాగా పనిచేస్తుంది.
- ఐఈపీలో రాసిందే చాలదు, లేదా ఉన్నది తగ్గిస్తున్నారు. మీటింగ్ (5వ మెట్టు), తర్వాత మీడియేషన్ (7వ మెట్టు).
- వాళ్లు చేసిన పరీక్షల ఫలితం తప్పు. బయటి ఎవాల్యుయేషన్ (6వ మెట్టు).
- అసలు పరీక్షే చేయడం లేదు. రాతపూర్వకంగా అడగడం (3వ మెట్టు). చాలాసార్లు అక్కడితోనే తేలిపోతుంది.

ఇక్కడ ఒక మాట జాగ్రత్త. "మా బిడ్డకి బెస్ట్ కావాలి" అని అడగకండి. చట్టం ఇస్తానన్నది బెస్ట్ కాదు, తగిన విద్య. 2017లో కొలరాడోకి చెందిన ఆటిజం ఉన్న బాలుడి కేసులో (ఎండ్రూ ఎఫ్ కేసు) సుప్రీంకోర్టు చెప్పింది ఏమిటంటే, ఆ పిల్లవాడి పరిస్థితికి తగిన పురోగతి సాధించేలా ఐఈపీ ఉండాలి, నామమాత్రపు పురోగతి చాలదు. కాబట్టి మీరు పట్టుకోవాల్సిన మాట "పురోగతి".

2. రికార్డులు తెప్పించుకోండి

కేస్ మేనేజర్‌కి (స్కూల్లో మీ పిల్లవాడి ఐఈపీ చూసుకునే మనిషికి) ఈమెయిల్ పెట్టి పిల్లవాడి పూర్తి స్పెషల్ ఎడ్యుకేషన్ రికార్డు అడగండి. ఫెడరల్ చట్టం ప్రకారం 45 రోజులు దాటకూడదు, ఐఈపీ మీటింగ్ ఉంటే దానికి ముందే చూపించాలి. కాలిఫోర్నియాలో గడువు 5 పనిదినాలే.

విడిగా పేరు పెట్టి అడగాల్సింది థెరపీ సర్వీస్ లాగ్. స్పీచ్, ఓటీ (ఆక్యుపేషనల్ థెరపీ) ఏ రోజు ఎన్ని నిమిషాలు జరిగింది, ఏ రోజు జరగలేదు అన్నది అందులో ఉంటుంది. మా వాడి లాగ్ చూస్తే, థెరపిస్టు సెలవులో ఉన్న ఆరు వారాలూ ఖాళీ. "మెరుగవుతున్నాడు, అందుకే తగ్గిస్తున్నాం" అన్న వాదన ఆ ఆరు గీతల ముందు నిలబడలేదు.

3. అడిగేది రాసి అడగండి

గేటు దగ్గర టీచరుతో చెప్పింది, ఫోన్లో కౌన్సెలర్‌తో అన్నది లెక్కలోకి రావు. ఈమెయిల్ పెట్టండి. కేస్ మేనేజర్‌కి పెట్టి, డిస్ట్రిక్ట్ స్పెషల్ ఎడ్యుకేషన్ డైరెక్టర్‌కి కాపీ పెట్టండి. ఇంగ్లీషు వ్యాకరణం గురించి టెన్షన్ పడకండి. ఈ నాలుగు ముక్కలు ఉంటే చాలు:

"ఐఈపీ ప్రకారం మా అబ్బాయికి వారానికి 60 నిమిషాల స్పీచ్ థెరపీ ఉంది. ఫిబ్రవరి 12 మీటింగ్‌లో దాన్ని 30 నిమిషాలు చేస్తామన్నారు. దీనికి మేం ఒప్పుకోవడం లేదు. గత రెండు ప్రోగ్రెస్ రిపోర్టుల్లో మూడు గోల్స్‌లో రెండింటికి పురోగతి చాలలేదని మీరే రాశారు. 60 నిమిషాలు కొనసాగించమని కోరుతున్నాం. కుదరదంటే కారణాలతో ప్రయర్ రిటెన్ నోటీస్ ఇవ్వండి. మార్చి 1లోగా జవాబు ఇవ్వగలరు."

పరీక్ష చేయమని అడిగేవాళ్లు "ఐడియా చట్టం కింద ఎవాల్యుయేషన్ కోరుతున్నాం" అన్న మాట తప్పక రాయండి. అప్పుడే గడియారం మొదలవుతుంది. టెక్సస్‌లో ఆ ఉత్తరానికి 15 స్కూలు రోజుల్లో జవాబివ్వాలి. పరీక్షకి ఒప్పుకుంటూ మీరు సంతకం చేశాక అది పూర్తి చేయడానికి గడువు కాలిఫోర్నియాలో 60 రోజులు, టెక్సస్‌లో 45 స్కూలు రోజులు, న్యూజెర్సీలో అర్హత తేల్చి ఐఈపీ అమలు మొదలుపెట్టడం కూడా కలిపి 90 రోజులు.

ఇక్కడ రెండు సాకులు వస్తాయి. ఒకటి, "ముందు తరగతిలో ఆర్‌టీఐ పద్ధతులు ప్రయత్నిస్తాం". ఆర్‌టీఐ అంటే ఇక్కడ వెనకబడిన పిల్లలకి తరగతిలోనే ఇచ్చే అదనపు సాయం. ప్రయత్నించవచ్చు, కానీ ఆ పేరు చెప్పి ఎవాల్యుయేషన్‌ని ఆలస్యం చేయకూడదని ఫెడరల్ విద్యాశాఖ 2011లోనే రాష్ట్రాలకు రాసింది. రెండోది, తెలుగిళ్లలో ఎక్కువగా వినిపించేది: "ఇంట్లో వేరే భాష కదా, ఇంగ్లీషు రానివ్వండి". ఇంగ్లీషు రాకపోవడం ఒక్కటే కారణమైతే దాన్ని వైకల్యం అనకూడదన్నది నిజమే. కానీ ఆ సంగతి తేల్చాల్సింది పరీక్ష చేసి. కచ్చితమైన ఫలితం వచ్చే భాషలో, పద్ధతిలో పరీక్షించాలన్నది కూడా చట్టమే. పిల్లవాడు తెలుగులో కూడా రెండు పదాలు కలపలేకపోతుంటే, ఆ సంగతి ఉదాహరణలతో రాసివ్వండి. అది మీకు తప్ప ఇంకెవరికీ తెలియదు.

4. "కాదు" అంటే, ఆ "కాదు"ని కాగితం మీద తీసుకోండి

ఈ వ్యాసంలో ఒక్కటే గుర్తుపెట్టుకుంటానంటే దీన్ని గుర్తుపెట్టుకోండి. ప్రయర్ రిటెన్ నోటీస్. స్కూలు ఏదైనా మార్చాలనుకున్నా, మీరు అడిగింది నిరాకరించినా ఇది ఇచ్చి తీరాలి. అందులో ఏం చేస్తున్నారు లేదా ఏం చేయనంటున్నారు, ఎందుకు, ఏ పరీక్షలు, ఏ రికార్డులు చూసి అలా తేల్చారు, ఇంకా ఏ ప్రత్యామ్నాయాలు ఆలోచించారు, వాటిని ఎందుకు వద్దనుకున్నారు అన్నవి ఉండాలి.

మీటింగ్‌లో "బడ్జెట్ లేదు", "మా స్కూల్లో ఎవరికీ ఇవ్వం" అని నోటితో అనడం తేలిక. సంతకం పెట్టి రాయడం తేలిక కాదు. రాయాల్సి వచ్చేసరికి చాలా డిస్ట్రిక్టులు "మళ్లీ ఒకసారి కూర్చుందాం" అంటాయి. మాకూ అదే జరిగింది.

ఇస్తే ఇచ్చారు గానీ "టీమ్ నిర్ణయించింది" అని ఒక్క ముక్క రాసి పంపారా? పై అంశాల్లో ఏవి లేవో చూపించి, పూర్తిగా ఇవ్వమని తిరుగు ఈమెయిల్ పెట్టండి. సరైన నోటీసు ఇవ్వకపోవడం దానికదే స్టేట్ కంప్లైంట్‌కి పనికొచ్చే తప్పు.

5. మీటింగ్ మళ్లీ పెట్టించండి

ఏడాదికోసారే అనుకోకండి. ఎప్పుడైనా మీటింగ్ కోరవచ్చు. వెళ్లేముందు:

డ్రాఫ్ట్ ఐఈపీ మూడు రోజుల ముందు పంపమనండి. ఇంట్లో ఒకరికైనా ఇంగ్లీషు మాటలు వేగంగా అందకపోతే తెలుగు ఇంటర్‌ప్రిటర్‌ని అడగండి. ఏర్పాటు చేయడం స్కూలు బాధ్యత, ఖర్చు మీది కాదు. "మావారికి ఇంగ్లీషు వచ్చు కదా" అని మొహమాటపడకండి. రోజంతా పిల్లవాడితో ఉండేది మీరైతే, మీకు అర్థం కావాలి. రికార్డింగ్ చేసుకోవాలంటే రాష్ట్ర నియమం చూడండి. కాలిఫోర్నియాలో 24 గంటల ముందు చెప్తే ఆడియో తీసుకోవచ్చు.

మీటింగ్‌లో తలూపకండి. నవ్వొస్తుందేమో గానీ నిజంగానే చెప్తున్నాను. ప్రతి అంశానికీ "ఒప్పుకుంటున్నాను" లేదా "ఒప్పుకోవడం లేదు" అని నోటితో చెప్పి, అలాగే నోట్స్‌లో రాయమనండి.

సంతకం దగ్గర ఆగండి. హాజరైనట్టు సంతకం వేరు, ఒప్పుకున్నట్టు సంతకం వేరు. ఏది ఏదో అడిగి పెట్టండి. "ఇంటికి తీసుకెళ్లి చదివి చెప్తాం" అనడం మర్యాదే. కాలిఫోర్నియాలో మీకు నచ్చిన భాగాలకి మాత్రమే ఒప్పుకోవచ్చు, అవి వెంటనే మొదలవుతాయి. టెక్సస్‌లో ఈ మీటింగ్‌ని ఏఆర్‌డీ అంటారు. అక్కడ ఒప్పందం కుదరకపోతే 10 స్కూలు రోజుల్లోపు మళ్లీ కూర్చునే అవకాశం అడగవచ్చు. కానీ ఊరుకుంటే మాత్రం మీ సమ్మతి లేకుండానే కొత్త ఐఈపీ అమల్లోకి వచ్చే రాష్ట్రాల్లో టెక్సస్ ఒకటి. "నేను సంతకం పెట్టలేదు కదా, పాతదే నడుస్తుంది" అనుకుని మోసపోయినవాళ్లు ఉన్నారు.

ఇంకో పొరపాటు: డాక్టరు చీటీ చూపించి, ఇక ఇవ్వాల్సిందే అనుకోవడం. పీడియాట్రీషియన్ "వారానికి 25 గంటల ఏబీఏ" (ఆటిజం పిల్లలకి ఎక్కువగా ఇచ్చే ప్రవర్తన థెరపీ) అని రాసినా స్కూలు దాన్ని పరిశీలించాలి, అంతే. ఒప్పుకుని తీరాలని లేదు. ఆ చీటీని చదువుతో ముడిపెట్టాలి: ఏబీఏ లేక తరగతిలో ఏం ఆగిపోతోంది, ఎన్నిసార్లు బయటికి పంపించారు, ఏ గోల్ కదల్లేదు.

మీటింగుల్లో మాట పెరుగుతోందంటే ఫెసిలిటేటెడ్ ఐఈపీ అడగండి. తటస్థ వ్యక్తి ఒకరు వచ్చి మీటింగ్ నడుపుతారు. టెక్సస్, న్యూజెర్సీల్లో రాష్ట్రమే ఉచితంగా పంపుతుంది. కాలిఫోర్నియాలో చాలా సెల్పాలు (డిస్ట్రిక్టుల స్పెషల్ ఎడ్యుకేషన్ చూసే ప్రాంతీయ సంస్థలు) ఇలాంటి సాయం ఇస్తాయి. ప్రతి రాష్ట్రంలోనూ ఫెడరల్ నిధులతో నడిచే పేరెంట్ సెంటర్ కనీసం ఒకటి ఉంటుంది. టెక్సస్‌లో పార్ట్‌నర్స్ రిసోర్స్ నెట్‌వర్క్, న్యూజెర్సీలో స్పాన్. ఫోన్ చేస్తే తమ పిల్లల కోసం ఇవే మెట్లు ఎక్కిన తల్లిదండ్రులే మాట్లాడతారు.

6. పరీక్షల ఫలితం మీద నమ్మకం లేకపోతే

"మీ ఎవాల్యుయేషన్‌తో ఏకీభవించడం లేదు, పబ్లిక్ ఖర్చుతో ఇండిపెండెంట్ ఎవాల్యుయేషన్ కోరుతున్నాం" అని రాయండి. ఈ ఒక్క వాక్యం చాలు. కారణం అడగొచ్చు గానీ చెప్పి తీరాలని పట్టుబట్టకూడదు. అప్పుడు స్కూలుకి రెండే దారులు: డబ్బు కట్టి బయట పరీక్ష చేయించడం, లేదా తమ పరీక్ష సరైనదేనని తామే హియరింగ్‌కి వెళ్లి నిరూపించుకోవడం.

హెచ్చరిక: ముందు సొంత డబ్బుతో చేయించి తర్వాత బిల్లు పంపితే తిరిగి వస్తుందన్న హామీ లేదు. ముందే అడగండి.

7. మీడియేషన్

మన ఊళ్లో పెద్దమనుషుల పంచాయతీ లాంటిదే, ఒక్క తేడాతో. ఇక్కడ మధ్యవర్తి తీర్పు చెప్పరు. ఇద్దరి మధ్యా తిరిగి, ఇద్దరూ ఒప్పుకునే మాట దొరికేలా చూస్తారు. ఖర్చు రాష్ట్రానిది. రెండు పక్షాలూ ఇష్టపడితేనే జరుగుతుంది. అక్కడ మాట్లాడింది రహస్యం, తర్వాత హియరింగ్‌లో సాక్ష్యంగా వాడకూడదు. కుదిరి సంతకాలైతే ఆ ఒప్పందం కోర్టులో అమలు చేయించుకోదగినది. దీనికోసం ముందు కేసు వేయనక్కర్లేదు. రాష్ట్ర విద్యాశాఖ వెబ్‌సైట్‌లో ఫారం ఉంటుంది.

వెళ్లేముందు భార్యాభర్తలు ఇంట్లోనే ఒక కాగితం మీద మూడు గీతలు గీసుకోండి: కావాలనుకునేది, సర్దుకోగలిగేది, వదులుకోలేనిది. మా కాగితంలో 60, 45, "30 అయితే ఇంకేదైనా కలపాలి" అని ఉంది. ఆ రోజు సాయంత్రానికి 45 నిమిషాల దగ్గర ఆగాం, పోయిన ఆరు వారాల సెషన్లు వేసవిలో ఇచ్చేలా. గెలిచామా అంటే ఏమో. వాడికి సరిపోయింది.

ఇక్కడ ఎక్కువగా జరిగే తప్పు, ఒప్పందం గాలిగా రాయించుకోవడం. "స్పీచ్ సేవలు పెంచుతాం" అంటే ఏమీ లేనట్టే. ఎవరు, ఎన్ని నిమిషాలు, వారానికి ఎన్నిసార్లు, విడిగానా గుంపులోనా, ఏ తేదీ నుంచి, డేటా ఎవరు ఎప్పుడు పంపుతారు, ఇవన్నీ ఉండాలి. "ఇంతవరకు ఉన్న అన్ని హక్కులూ వదులుకుంటున్నాం" లాంటి వాక్యం కనిపిస్తే మాత్రం ఆగి, ఒక గంట ఫీజు కట్టయినా లాయరుకి చూపించండి. లాయరుకి డబ్బు పెట్టదగిన చోటు ఇదొకటి.

8. స్టేట్ కంప్లైంట్

ఐఈపీలో ఉన్నది జరగనప్పుడు, గడువులు దాటినప్పుడు, నోటీసు ఇవ్వనప్పుడు రాష్ట్ర విద్యాశాఖకి రాయండి. ఫీజు లేదు, లాయరు అక్కర్లేదు. సంఘటన గత ఏడాది లోపలిదై ఉండాలి. కాపీ స్కూలుకి కూడా అదే సమయంలో పంపాలి. సాధారణంగా 60 రోజుల్లో లిఖితపూర్వక నిర్ణయం వస్తుంది. తప్పు తేలితే పోయిన సేవలకు బదులు సేవలు ఇమ్మని ఆదేశించగలరు.

పద్నాలుగు పేజీల కన్నీళ్ల కథ రాయకండి. ఒక పేజీ: ఐఈపీలో ఏముంది, ఏం జరిగింది, తేదీలు, మీకు కావాల్సిన పరిష్కారం. వెనక సర్వీస్ లాగ్, ఈమెయిళ్లు.

9. ఇవేవీ సరిపోని చోటు

పిల్లవాడిని వేరే స్కూలుకి లేదా విడి తరగతికి మార్చేస్తామంటే ఆగి ఆలోచించండి. గొడవ తేలేదాకా ఉన్నచోటే ఉంచే "స్టే పుట్" రక్షణ ఫెడరల్ చట్టంలో డ్యూ ప్రాసెస్ కంప్లైంట్‌కే (హియరింగ్ కోరుతూ వేసే కేసుకే) ఉంది. స్టేట్ కంప్లైంట్ ఇచ్చి, నిశ్చింతగా కూర్చుంటే మార్పు జరిగిపోవచ్చు. ఇలాంటప్పుడు డ్యూ ప్రాసెస్ వేయక తప్పదు. వేయడానికి సాధారణంగా రెండేళ్ల గడువు, కొన్ని రాష్ట్రాల్లో వేరుగా ఉంటుంది.

వేసినంత మాత్రాన హియరింగ్ దాకా వెళ్లాలని లేదు. 15 రోజుల్లో స్కూలు రిజల్యూషన్ మీటింగ్ పెట్టాలి. మీరు లాయరుని తేకపోతే వాళ్లూ తేకూడదు. అక్కడ కుదిరిన ఒప్పందం మీద సంతకం పెట్టాక కూడా 3 పనిదినాల్లో ఎవరైనా వెనక్కి తీసుకోవచ్చు. బడిలో బలవంతంగా పట్టి ఉంచడం, గదిలో బంధించడం, బహిష్కరించడం లాంటివి జరిగితే మాత్రం ఈ మెట్లన్నీ లెక్కపెడుతూ కూర్చోకండి, ఆ రోజే లాయరుకి ఫోన్ చేయండి.

కుదిరింది నిజంగా జరుగుతోందా? ఇలా చూసుకోండి

ఒప్పందం అయిన రెండో వారంలో: కొత్త నిమిషాలు ఐఈపీ కాగితంలోకి ఎక్కాయా? మీడియేషన్ కాగితంలో ఉండి ఐఈపీలో లేకపోతే, కొత్త థెరపిస్టుకి ఆ సంగతే తెలియదు.

ఆరో వారంలో: సర్వీస్ లాగ్ అడగండి. జరిగిన నిమిషాలు కూడి, జరగాల్సిన వాటితో పోల్చండి. తేడా ఉంటే అదే రోజు ఈమెయిల్.

ప్రోగ్రెస్ రిపోర్ట్ వచ్చినప్పుడు: "మెరుగవుతున్నాడు" అన్న మాటని వదిలేసి అంకె వెతకండి. మొదట్లో పదింటికి మూడు, ఇప్పుడు పదింటికి అయిదు, అలా ఉండాలి. అంకె లేకపోతే అంకె అడగండి.

ప్రాజెక్టు మారి వేరే ఊరికి వెళ్తున్నారా? కొత్త డిస్ట్రిక్టు వెంటనే పాత ఐఈపీతో పోల్చదగిన సేవలు ఇవ్వాలి. పాత డిస్ట్రిక్టుతో మీరు చేసుకున్న మీడియేషన్ ఒప్పందం మాత్రం వాళ్లని కట్టిపడేయదు. అందుకే సామాను సర్దేముందే ఆ 45 నిమిషాలు ఐఈపీలో ఉన్నాయో లేదో ఇంకోసారి చూసి, సంతకాలున్న కాపీని పాస్‌పోర్టులున్న సంచిలో పెట్టుకోండి. ట్రక్కులో వేయకండి.